గాలపు దారం మార్చాలా? అల్లిక దారంతో లాభాలు, నష్టాలు

గాలం వేసే మనిషికీ, నీటి అడుగున తిరిగే చేపకూ మధ్య ఉండే సంబంధం ఒక్క దారమే. గాలం ఎంత పదునైనదైనా, ఎర ఎంత తాజాదైనా, దారం తెగితే ఆ పూట పడ్డ కష్టమంతా నీటిపాలే. ఇంధనం ఖర్చు, మంచు గడ్డల ఖర్చు, నిద్ర మానుకున్న రాత్రి, అన్నీ ఆ ఒక్క దారం మీదే ఆధారపడి ఉంటాయి.

చాలా కాలంగా మనం ఒంటి పోగు నైలాన్ దారం వాడుతున్నాం. ఇప్పుడు దుకాణాల్లో దాని పక్కనే సన్నగా, మెత్తగా, రంగురంగుల్లో మరో దారం కనబడుతోంది. దుకాణదారులు దానిని బ్రెయిడ్ అంటారు. మనం అల్లిక దారం అందాం. "సగం లావు, రెట్టింపు బలం" అని చెప్పి అమ్ముతారు. ధర మాత్రం నైలాన్ కంటే కొన్ని రెట్లు ఎక్కువ. మరి మారాలా, వద్దా?

ఈ ప్రశ్న వేసుకునేవారు ఒకే రకం మనుషులు కారు. విశాఖపట్నం, శ్రీకాకుళం తీరాల నుంచి చిన్న పడవల్లో వెళ్లి చేతి గాలంతో సూర చేపలను, కోనెంను పట్టేవారు ఉన్నారు. గోదావరి, కృష్ణా పాయల్లో పండుగప్ప కోసం కాచుకునేవారు ఉన్నారు. చెరువుల్లో కలువ తీగల మధ్య కొర్రమీను పట్టేవారు ఉన్నారు. ఆదివారం పూట రీలు కర్ర పట్టుకుని జలాశయం గట్టున కూర్చునేవారూ ఉన్నారు. వీరందరికీ ఒకే జవాబు సరిపోదు. కాబట్టి ఈ ప్రసంగంలో "మారండి" అని గానీ "మారకండి" అని గానీ చెప్పబోవడం లేదు. దారం ఎలా పనిచేస్తుందో, ఎక్కడ లాభమో, ఎక్కడ ప్రమాదమో తెలుసుకుందాం. ఆ తరువాత నిర్ణయం మీదే.

దారం నడిచి వచ్చిన దారి

పూర్వం గాలపు దారాలను నూలుతో, జనపనారతో, పట్టుతో పేనేవారు. ఇవన్నీ ప్రకృతి సిద్ధమైన పోగులు. తడిస్తే బరువెక్కుతాయి, తడిగా చుట్టి పెడితే కుళ్లిపోతాయి. అందుకే వేట నుంచి రాగానే దారాన్ని ఎండబెట్టడం, చెట్ల బెరడు కషాయంలో నానబెట్టి గట్టిపరచడం తప్పనిసరి పనులుగా ఉండేవి.

1935లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో వాలెస్ కరోథర్స్ అనే రసాయన శాస్త్రవేత్త నైలాన్‌ను తయారు చేశాడు. 1938లో దానిని లోకానికి ప్రకటించారు. ఆ వెంటనే దానితో చేపల దారం తీయడం కూడా మొదలైంది. నైలాన్ కుళ్లదు, ఎండబెట్టే పని లేదు, నీటిలో అంతగా కనబడదు. మన తీరంలో 1950ల చివరి నుంచి, 1960లలో నైలాన్ వలలు, దారాలు వ్యాపించి, నూలు వలల కాలాన్ని దాదాపుగా ముగించాయి.

ఇక అల్లిక దారం సంగతి. మన ఇళ్లలో బకెట్లు, సంచులు తయారయ్యే పాలిథీన్ మీకు తెలిసిందే. అదే పాలిథీన్‌లో అణువుల గొలుసులను అత్యంత పొడవుగా పెంచితే వచ్చేదే ఈ కొత్త పోగు. అయితే అంత పొడవైన గొలుసులు ఒకదానితో ఒకటి చిక్కుపడి ఉంటాయి. చిక్కు జుట్టుతో జడ వేయలేం కదా. ముందు నూనె రాసి, చిక్కు తీసి, దువ్వి, ఆ తరువాత అల్లుతాం. 1979లో నెదర్లాండ్స్‌లోని డీఎస్ఎం సంస్థలో పాల్ స్మిత్, పీట్ లెంస్త్రా అనే శాస్త్రవేత్తలు చేసింది సరిగ్గా ఈ పనే. ఆ పాలిథీన్‌ను ద్రావకంలో కరిగించి, చిక్కు వదిలించి, పోగుగా తీసి బాగా సాగదీశారు. అణువులన్నీ ఒకే వరుసలోకి వచ్చాయి. ఆ పోగు బరువుకు బరువు చూస్తే ఉక్కు కంటే ఎన్నో రెట్లు బలమైనది. దానిని డైనీమా అనే పేరుతోనూ, అమెరికాలో తయారైన అదే జాతి పోగును స్పెక్ట్రా అనే పేరుతోనూ అమ్ముతూ వచ్చారు. ఈ పోగులను నాలుగో ఎనిమిదో కలిపి జడలా అల్లితే మనం మాట్లాడుకుంటున్న దారం వస్తుంది. చేపల వేటలో ఇది 1990లలో వ్యాప్తిలోకి వచ్చింది.

లాభాలు ఏమిటి?

మొదటి లాభం సన్నదనం. దాదాపు 9 కిలోల బరువు ఆపగల నైలాన్ దారం మందం సుమారు 0.40 మిల్లీమీటర్లు ఉంటుంది. అంతే బరువు ఆపగల అల్లిక దారం సుమారు 0.23 మిల్లీమీటర్లే. దీని అర్థం ఏమిటో లెక్క వేసి చూద్దాం. రీలు మీద దారం ఆక్రమించే చోటు మందం యొక్క వర్గాన్ని బట్టి ఉంటుంది. 0.40ని 0.23తో భాగిస్తే 1.74 వస్తుంది. దానిని దానితోనే గుణిస్తే సుమారు 3. అంటే 100 మీటర్ల నైలాన్ పట్టే రీలు మీద సుమారు 300 మీటర్ల అల్లిక దారం పడుతుంది. పెద్ద సూర చేప ఒక్కసారిగా వంద మీటర్ల దారం లాక్కుని పోయినప్పుడు ఈ తేడా విలువ తెలుస్తుంది.

రెండవది, నీటి ఒరవడి. ప్రవాహం దారం మీద చూపే ఒత్తిడి దారం మందాన్ని బట్టి పెరుగుతుంది. పై లెక్క ప్రకారం సన్న దారం మీద ఒత్తిడి దాదాపు 40 శాతం తగ్గుతుంది. అంటే లోతు నీటిలో ఎరను అడుగున నిలపడానికి అంత బరువైన సీసం గుండు అక్కరలేదు. ఒరవడి ఎక్కువగా ఉన్న రోజున కూడా దారం విల్లులా వంగిపోకుండా ఇంచుమించు నిటారుగా దిగుతుంది.

మూడవది, సాగకపోవడం. ఇదే అన్నిటికంటే పెద్ద మార్పు. నైలాన్ తెగే ముందు తన పొడవులో 20 నుంచి 30 శాతం వరకూ సాగుతుంది. అల్లిక దారపు పోగు సుమారు 3, 4 శాతం మాత్రమే సాగుతుంది. మీరు 50 మీటర్ల లోతులో గాలం వేశారనుకోండి. చేప ఎరను నోట పెట్టింది. మీరు చేతిని ఒక మీటరు పైకి గుంజారు. ఆ గుంజుడుకు నైలాన్ దారం 2 శాతం సాగినా చాలు, ఆ మీటరు అంతా సాగుడులోనే పోతుంది. కింద గాలం కదలనే కదలదు. అల్లిక దారం అయితే మీ గుంజుడులో ఎక్కువ భాగం గాలానికి చేరుతుంది. అదే విధంగా చేప ముట్టుకున్న చిన్న తాకిడి కూడా మీ వేలికి తెలుస్తుంది. అడుగు ఇసుకా, బురదా, రాయా అన్నది కూడా అలవాటైన చేతికి తెలుస్తుంది.

నాలుగవది, నీరు పీల్చకపోవడం. నైలాన్ కొంత నీటిని పీల్చుకుంటుంది. తడిసిన నైలాన్ పొడి నైలాన్ కంటే సుమారు 10 నుంచి 15 శాతం బలహీనంగా ఉంటుంది. పాలిథీన్ పోగు నీటిని పీల్చదు. తడిసినా దాని బలం అంతే.

ఐదవది, చుట్ట అలవాటు లేకపోవడం. నైలాన్‌ను చాలా రోజులు రీలుకు చుట్టి ఉంచితే స్ప్రింగులాగా చుట్టలు చుట్టలుగానే బయటకు వస్తుంది. అల్లిక దారం మెత్తగా, సాఫీగా జారుతుంది. తేలికైన ఎర కూడా దూరం పోతుంది. పైగా నైలాన్ ఎండకు త్వరగా పెళుసుబారుతుంది. అల్లిక దారం రంగు వెలిసినా బలం చాలా కాలం నిలుస్తుంది.

చెరువులో కొర్రమీను పట్టేవారికి ఇంకొక లాభం ఉంది. గాలం పడగానే కొర్రమీను తూటి కాడల్లోకి, నాచులోకి దూరుతుంది. సాగే దారంతో దానిని బయటకు తీయడం కష్టం. సన్నని, సాగని అల్లిక దారం లేత నాచును కోసుకుంటూ చేపను తీసుకువస్తుంది.

నష్టాలు ఏమిటి?

ఇంతవరకూ విన్నది అమ్మేవారు కూడా చెబుతారు. ఇప్పుడు వారు అంతగా చెప్పని విషయాలకు వద్దాం.

మొదటిది, చేతి సంగతి. రీలు లేకుండా చేత్తోనే దారం లాగేవారు ఈ భాగాన్ని రెండుసార్లు చదవాలి. మీరు 10 కిలోల బలంతో లాగుతున్నారనుకోండి. దారం మీ అరచేతి మీద 8 సెంటీమీటర్ల మేర ఆనుకుని ఉంది. దారం మందం 1 మిల్లీమీటరు అయితే ఆ బలం 0.8 చదరపు సెంటీమీటర్ల మీద పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 12.5 కిలోలు. అదే 0.23 మిల్లీమీటర్ల దారం అయితే ఆ బలం 0.184 చదరపు సెంటీమీటర్ల మీదే పడుతుంది. అంటే చదరపు సెంటీమీటరుకు 54 కిలోలు, నాలుగు రెట్ల కంటే ఎక్కువ. కత్తి అంచు సన్నగా ఉన్నందువల్లనే కోస్తుంది. ఈ దారం కూడా అంతే. చేప ఒక్కసారి లాగితే చర్మాన్నే కాదు, కండను కూడా కోసే అవకాశం ఉంది. వేలికి చుట్టుకుంటే వేలికే ప్రమాదం. చేతులే ఆధారంగా బతికేవారికి ఒక్క లోతైన గాయం అంటే ఎన్ని రోజుల వేట పోతుందో మీకే తెలుసు.

ఇంకొక మాట. నైలాన్ సాగడం వల్ల పెద్ద చేప లాగినప్పుడు ఒక్క క్షణం వ్యవధి దొరుకుతుంది. సాగని దారం ఆ క్షణాన్ని ఇవ్వదు. కొమ్ముకోనెం వంటి పెద్ద చేప పడినప్పుడు చేతికి చుట్టుకున్న దారం మనిషినే పడవ అంచు దాటించగలదు. అందుచేత ఏ దారమైనా సరే చేతికి చుట్టుకోవడం తప్పు. అల్లిక దారాన్ని చుట్టుకోవడం ప్రాణాంతకం.

రెండవది, కుదుపు. సాగే గుణం నైలాన్‌కు లోపమే కాదు, గుణం కూడా. బండికి స్ప్రింగులు ఎందుకు ఉంటాయి? గుంతలో పడిన దెబ్బ మనిషికి తగలకుండా. నైలాన్ సాగుడు కూడా అటువంటిదే. చేప తల విదిలించినప్పుడు ఆ దెబ్బను దారమే మింగుతుంది. అల్లిక దారంలో ఆ దెబ్బ నేరుగా మూడు చోట్ల పడుతుంది. చేప నోటి కండ మీద, ముడి మీద, కర్ర మీద. మెత్తని నోరు గల చేప అయితే గాలం కండ చీల్చుకుని బయటకు వస్తుంది. రీలు బిగింపును నైలాన్‌కు పెట్టినంత గట్టిగా పెడితే ముడో, కర్రో, గాలమో ఏదో ఒకటి ఓడిపోతుంది.

మూడవది, రాపిడి. ఒంటి పోగు నైలాన్ మీద రాయి గీసుకుంటే పైన గీత పడుతుంది, లోపలి భాగం ఇంకా నిలుస్తుంది. అల్లిక దారం ఎన్నో అతి సన్నని పోగుల కలయిక. పదునైన అంచు మీద అవి ఒకటి తరువాత ఒకటి తెగుతాయి. బిగువుగా ఉన్నప్పుడు అయితే ఇంకా త్వరగా తెగుతాయి. సముద్రంలో రాతి గట్లు, ఆల్చిప్పలు పట్టిన స్తంభాలు, మడ చెట్ల వేళ్లు ఉన్న చోట ఈ దారాన్ని నేరుగా నమ్మకూడదు. పండుగప్ప మొప్ప రేకు అంచు కూడా పదునైనదే. కోనెం, సావళ్లు వంటి పళ్ల చేపల ముందు అయితే నైలానూ నిలవదు, అల్లికా నిలవదు. గాలం దగ్గర తీగ ఉండవలసిందే.

నాలుగవది, వేడి. నైలాన్ సుమారు 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అల్లిక దారపు పాలిథీన్ సుమారు 150 డిగ్రీలకే కరుగుతుంది. ముడి బిగించేటప్పుడు పొడి దారం ఒకదానిపై ఒకటి రాసుకుని వేడెక్కుతుంది. ఆ వేడికి పోగులు దెబ్బతిని, మంచి దారం కూడా ముడి దగ్గర బలహీనపడుతుంది. అందుకే బిగించే ముందు ముడిని నీటితో గానీ ఉమ్మితో గానీ తడపాలి.

ఐదవది, జారుడు. ఈ పోగు చాలా నున్నన. నైలాన్‌కు వేసే మామూలు ముడి దీనిలో మెల్లగా జారి విడిపోతుంది. "దారం తెగింది" అని అనుకునే సందర్భాల్లో చాలాసార్లు నిజానికి ముడి జారింది. దారం చివర పరీక్షగా చూడండి. పోగులు చిట్లి ఉంటే తెగినట్టు, పంది తోకలా మెలికలు తిరిగి ఉంటే ముడి జారినట్టు. ఇదే జారుడు రీలు మీద కూడా ఇబ్బంది పెడుతుంది. నున్నని రీలుకు అల్లిక దారాన్ని నేరుగా చుడితే మొత్తం చుట్ట రీలు మీద గిర్రున తిరుగుతుంది, చేప మాత్రం రాదు.

ఆరవది, కనబడటం. నైలాన్ గుండా వెలుతురు పోతుంది. అల్లిక దారం గుండా పోదు. తేట నీటిలో జాగ్రత్త గల చేప దీనిని చూసి తప్పుకోవచ్చు. వరద నీటిలో, బురద నీటిలో ఈ తేడా పెద్దగా ఉండదు.

ఏడవది, తేలడం. నైలాన్ సాంద్రత 1.14, అంటే మెల్లగా మునుగుతుంది. ఈ పాలిథీన్ సాంద్రత 0.97, అంటే తేలుతుంది. నీటి పైన ఆడించే ఎరకు ఇది మేలు. గాలి ఎక్కువగా ఉన్న రోజున తేలికపాటి సీసంతో అడుగున ఎర వేసేవారికి ఇబ్బంది. గాలికి ఎగిరి, వదులుగా చుట్టుకుని, రీలు నుంచి గుత్తిగా చిక్కుపడి రావడం కూడా ఈ దారానికి ఉన్న జబ్బే. నైలాన్ చిక్కును ఓపికతో విప్పవచ్చు. అల్లిక చిక్కును చాలాసార్లు కోసి పారేయవలసి వస్తుంది.

ధర లెక్క ఎలా వేయాలి?

ధరలు ఊరిని బట్టి, తయారీని బట్టి మారతాయి కాబట్టి రూపాయల్లో కాక పాళ్లలో చూద్దాం. ఒక చుట్ట నైలాన్ ధర ఒక పాలు అనుకోండి. అంతే పొడవు అల్లిక దారం నాలుగు పాళ్లు అనుకోండి. మీరు నైలాన్‌ను ఏడాదికి రెండుసార్లు మారుస్తున్నారు. అల్లిక దారం రెండేళ్లు నిలిచిందంటే ఆ రెండేళ్లలో నైలాన్ ఖర్చు కూడా నాలుగు పాళ్లే. ఖర్చు సమానం. అయితే మీరు రాళ్ల చోట వేట చేసి, తడవకు ఇరవై మీటర్లు పోగొట్టుకునేవారైతే ఈ లెక్క నిలవదు. పోగొట్టుకునే ప్రతి మీటరూ నాలుగు రెట్ల ఖరీదైనది. అంటే దారం ధర కంటే మీరు వేట చేసే అడుగు ఎటువంటిది అన్నదే అసలు లెక్క. మీ చేతిలో ఉన్న కాగితం మీద గత ఏడాది ఎంత దారం కొన్నారో, ఎంత పోయిందో రాసి చూడండి.

ఖర్చు తగ్గించుకునే ఉపాయాలు రెండు ఉన్నాయి. రీలు నిండా అల్లిక దారం అక్కరలేదు. అడుగున సగం నైలాన్ చుట్టి, దాని మీద అల్లిక దారం కట్టవచ్చు. ఖర్చు దాదాపు సగం తగ్గుతుంది, రీలు మీద జారే బాధ కూడా పోతుంది. ఇక ఏడాది వాడిన తరువాత ముందు భాగం అరిగిపోతే, దారాన్ని మొత్తం విప్పి తిరగేసి చుట్టండి. ఎండా ఉప్పూ అంతగా తగలని లోపలి కొస ఇప్పుడు ముందుకు వస్తుంది.

మారదలచుకుంటే ఎలా మారాలి?

రెండు దారాల గుణాలనూ కలుపుకోవడం మంచి పద్ధతి. వెనుక అల్లిక దారం, ముందు రెండు మూడు మీటర్ల నైలాన్ దారం. ఈ ముందు ముక్కను లీడరు అంటారు. రాతి రాపిడిని ఇది భరిస్తుంది, చేపకు తక్కువగా కనబడుతుంది, కుదుపును కొంత మింగుతుంది. పడవ దగ్గరకు వచ్చిన చేపను చేత్తో అందుకునేటప్పుడు కూడా మీ చేతికి తగిలేది లావుపాటి నైలానే అవుతుంది.

గాలానికి నేరుగా కట్టేటప్పుడు పాలోమార్ ముడి సులువైనది. దారాన్ని మడిచి జంటగా చేసి, ఆ మడతను గాలం కన్నులో దూర్చండి. ఆ జంట దారంతో వదులుగా ఒక మామూలు ముడి వేయండి. మడత చివర ఉన్న ఉచ్చులోంచి గాలం మొత్తాన్ని దాటించండి. తడిపి, రెండు కొసలనూ కలిపి మెల్లగా బిగించండి. రెండు దారాలను ఒకదానితో ఒకటి కలపడానికి ఒక్కో దారంతో రెండవదాని చుట్టూ ఉచ్చు వేసి, ఆ ఉచ్చులోంచి కొసను నాలుగైదు చుట్లు తిప్పి, తరువాత రెండు ముడులనూ ఎదురెదురుగా లాగి కలపాలి. అల్లిక దారం వైపు రెండు మూడు చుట్లు ఎక్కువ తిప్పండి.

ముడిని నమ్మే ముందు ఇంట్లోనే పరీక్షించండి. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. ఒక బకెట్, ఒక లీటరు సీసా చాలు. లీటరు నీరు ఒక కిలో. దారాన్ని దూలానికి కట్టి, రెండవ కొసకు మీ ముడితో కొక్కెం కట్టి, దానికి బకెట్ తగిలించండి. బకెట్ నేలకు నాలుగు వేళ్ల ఎత్తులోనే ఉండాలి. లీటరు తరువాత లీటరు పోస్తూ వెళ్లండి. ఏ లీటరు దగ్గర ముడి జారిందో, దారం తెగిందో రాసుకోండి. బకెట్ బరువును కూడా కలుపుకోవడం మరచిపోకండి. నైలాన్‌కూ, అల్లికకూ, పొడి ముడికీ, తడిపిన ముడికీ విడివిడిగా చేయండి. మీ చేతితో వేసిన ముడి ఎంత ఆపుతుందో డబ్బా మీద ముద్రించిన అంకె చెప్పదు. ఈ బకెట్ చెబుతుంది.

వాడేటప్పుడు ఈ జాగ్రత్తలు పాటించండి. చేతి తొడుగులు వేసుకోండి. రీలు బిగింపును నైలాన్‌కు పెట్టే దానికంటే వదులుగా పెట్టండి. గాలం అడుగున రాయికి పట్టుకుంటే చేత్తో లాగకండి. ఒక కర్ర ముక్కకు నాలుగైదు చుట్లు చుట్టి, దానిని పట్టుకుని లాగండి. పదును గల కత్తి చేతికి అందేచోట ఉంచుకోండి. కర్రకు ఉండే వలయాల్లో గీతలు పడ్డాయేమో చూసుకోండి. పాత కర్రల మెత్తని లోహపు వలయాలను ఈ దారం కోస్తుంది, ఆ తరువాత ఆ గీతలు దారాన్ని కోస్తాయి. ఉప్పునీటి వేట తరువాత మంచినీటితో కడగండి.

నీటిలో మిగిలిపోయే దారం

దారం పోయింది అంటే మన చేతి నుంచి పోయింది అని మాత్రమే. నీటిలో నుంచి పోలేదు. నూలు దారం కొన్ని నెలల్లో కుళ్లేది. నైలాన్ గానీ, అల్లిక దారం గానీ ఎన్నో ఏళ్లు అలాగే ఉంటాయి. ఏ బలం కోసం మనం ఈ దారం కొంటున్నామో అదే బలం పక్షి కాలికో, తాబేలు రెక్కకో చుట్టుకున్నప్పుడు దాని ప్రాణం తీస్తుంది. మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు తెంచుకోలేని దారం ఇది. మోటారు రెక్కలకు చుట్టుకుంటే మీ తోటివారి పడవే నడి సముద్రంలో ఆగిపోతుంది. కాబట్టి కోసిన ముక్కలను నీటిలో వేయకండి. ఒక డబ్బాలో వేసి ఒడ్డుకు తీసుకురండి. పారేసే ముందు జానెడు ముక్కలుగా కత్తిరించండి. అప్పుడు చుట్టుకునే ప్రమాదం తగ్గుతుంది.

ఎవరు మారాలి, ఎవరు ఆగాలి?

రీలు వాడుతూ లోతు నీటిలో, ఒరవడిలో వేట చేసేవారికి మార్పు లాభమే. నాచు చెరువుల్లో కొర్రమీను పట్టేవారికీ లాభమే. పడవ వెనుక ఎర లాగుతూ పెద్ద చేపలు పట్టేవారు రీలు మీద ఎక్కువ పొడవు దారం కోసం మారవచ్చు, అయితే ముందు పొడవైన నైలాన్ ముక్క ఉండాలి.

రీలు లేకుండా వట్టి చేత్తో లాగేవారు లావుపాటి నైలాన్‌ను వదలకపోవడమే మంచిది. అందులో సిగ్గు పడవలసింది ఏమీ లేదు. పాత పరికరం కాబట్టి కాదు, మీ అరచేతికి సరైన పరికరం కాబట్టి. రాతి గట్ల దగ్గర, తేట నీటిలో, మెత్తని నోటి చేపల వేటలో కూడా నైలానే మేలు. వెదురు కర్రకు బెండు కట్టి కాలువ గట్టున కూర్చునేవారికి ఈ ఖర్చే అక్కరలేదు. గాలం వేయడం నేర్చుకుంటున్న పిల్లల చేతికి అల్లిక దారం ఇవ్వకండి.

చివరగా మీకు ఒక చిన్న పని. వచ్చే వేటకు ముందు మీ పాత దారం చివరి రెండు మీటర్లను వేళ్ల మధ్య నుంచి మెల్లగా జార్చి చూడండి. గరుకు తగిలిన చోట కోసి, కొత్త ముడి వేసి, బకెట్ పరీక్ష చేయండి. చాలామందికి కావలసింది కొత్త దారం కాదు, సరైన ముడి అని అప్పుడు తెలుస్తుంది. ఆ తరువాత కూడా మీ అవసరం తీరకపోతే, ఏ లాభం కోసం మారుతున్నారో, ఏ నష్టానికి సిద్ధపడుతున్నారో తెలిసే మారతారు.